సెల్లారులో ఏఆర్: వాల్వు మీద లేబుల్ నిలబెట్టే పని

ఏం కావాలి, ఎంత ఖచ్చితంగా కావాలి

హైదరాబాద్‌లో మా అపార్టుమెంట్ సెల్లారులో మోటర్ల గది పక్క గోడకు ఒక పైపుల వరస ఉంది. మంజీరా లైన్లు, బోరు లైన్లు, ట్యాంకరు వచ్చినప్పుడు సంపులోకి దింపే లైను, పై ట్యాంకులకు ఎక్కే లైన్లు అన్నీ అక్కడే కలుస్తాయి. వాల్వుకూ వాల్వుకూ మధ్య జానెడు దూరం. ఏది ఏ బ్లాకుదో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే, మా ప్లంబరు. ఆయన ఊరెళ్లిన రోజున వాచ్‌మెన్ ఒక్కో వాల్వూ తిప్పుతుంటే, పైనుంచి ఎవరో ఫోన్‌లో 'వచ్చాయి', 'ఇంకా రాలేదు' అని చెబుతూ కూర్చోవాలి.

మేం చేస్తున్నది ఒక ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే కెమెరాలో కనబడే దృశ్యం మీదే సమాచారం అతికించి చూపడం) యాప్: ఫోన్ కెమెరాను ఆ పైపుల వైపు పెడితే ప్రతి వాల్వు మీదా దాని పేరు కనబడాలి. అది ఏ ట్యాంకుకు వెళ్తుందో, ఆ ట్యాంకులో ఇప్పుడు నీళ్లెంత ఉన్నాయో, మోటరు నడుస్తోందో లేదో అన్నీ అక్కడే కనబడాలి. నీటి మట్టం సెన్సర్లు, మోటరు కరెంటు కొలిచే సెన్సర్లు ఇదివరకే పెట్టి ఉన్నాయి. అవన్నీ ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుల నుంచి ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా ఒక చిన్న సర్వరుకు చేరుతున్నాయి. కాబట్టి డేటాతో ఇబ్బంది లేదు. ఫోన్ ఎక్కడుందో, ఎటు చూస్తోందో తెలియడమే అసలు పని.

ముందు లెక్క వేసుకున్నాం. వాల్వుల మధ్య దూరం సుమారు 22 సెం.మీ. లేబుల్ పక్క వాల్వు మీదకు పోకూడదంటే తేడా 11 సెం.మీ. లోపు ఉండాలి. చూసే మనిషి 3 మీటర్ల దూరంలో నిలబడతాడు. ఫోన్ స్థానంలో 10 సెం.మీ. తేడా వస్తే లేబుల్ కూడా దాదాపు అంతే జరుగుతుంది. మరి దిశలో? ఒక్క డిగ్రీ తేడాకు 3 మీటర్ల దూరంలో 5 సెం.మీ. పక్కకు పోతుంది, రెండు డిగ్రీలకు పదిన్నర. అంటే స్థానం నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉన్నా, రెండు డిగ్రీలు తప్పితే మనకున్న వెసులుబాటు మొత్తం అయిపోయినట్టే. ఇండోర్ పొజిషనింగ్ అనగానే అందరూ సెంటీమీటర్ల గురించే మాట్లాడతారు. ఏఆర్‌కు ప్రాణసంకటం డిగ్రీలు. ఈ డైరీ అంతటా నా గోల అదే.

బల్ల మీదున్న సెన్సర్లు

జీపీఎస్ ఊసే లేదు. పైన శ్లాబు, దాని మీద బ్లాకులు. ర్యాంపు దిగగానే ఫోన్ మ్యాపులోని చుక్క ఎక్కడెక్కడికో పోతుంది.

మిగిలినవి ఇవీ. బ్లూటూత్ బీకన్లు (ఒకచోట ఉండి సిగ్నల్ పంపుతూ ఉండే చిన్న పరికరాలు): సిగ్నల్ బలాన్ని బట్టి దూరం చెబుతాయి గానీ మనిషి అటు తిరిగితే ఒక లెక్క, ఇటు తిరిగితే ఒక లెక్క. ఫోన్‌లోని బారోమీటర్: పై సెల్లారు, కింది సెల్లారు తేడా పట్టుకోగలదు. యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) బోర్డులు: రేడియో తరంగం వెళ్లి వచ్చే సమయాన్ని కొలిచి దూరం చెబుతాయి, అడ్డం లేకపోతే 10 సెం.మీ. ఖచ్చితత్వం. ఏఆర్‌కోర్ (గూగుల్ ఏఆర్ సాఫ్ట్‌వేరు): కెమెరాలో కనబడే బిందువుల కదలికను, ఫోన్‌లోని యాక్సిలరోమీటరు, గైరోలను కలిపి ఫోన్ ఎలా కదిలిందో చెబుతుంది. మ్యాగ్నెటోమీటరు: దిక్సూచి పని. చివరగా గోడకు అతికించే ఏప్రిల్‌ట్యాగ్ గుర్తులు, అంటే కెమెరా గుర్తుపట్టే నలుపు తెలుపు చదరాలు.

వీటన్నిటినీ కలిపి సగటు తీస్తే పని జరగదు. కోర్టుకొచ్చిన సాక్షుల్లో ఒకడు ఎప్పుడూ పెంచే చెబుతాడు, ఒకడు మొదట్లో నిజమే చెప్పి పోనుపోను జారిపోతాడు, ఒకడు పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి మాట మారుస్తాడు. ఎవడు ఏ రకంగా తప్పుతాడో తెలిస్తేనే వాళ్ల మాటల్లోంచి నిజం లాగగలం. యూడబ్ల్యూబీది మొదటి రకం, ఏఆర్‌కోర్‌ది రెండోది, మ్యాగ్నెటోమీటరుది మూడోది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. కేంబ్రిడ్జిలోని ఏటీ అండ్ టీ ల్యాబులో యాక్టివ్ బ్యాట్ అనే వ్యవస్థ ఉండేది. సీలింగు నిండా అల్ట్రాసౌండ్ రిసీవర్లు పెట్టి, చేతిలోని చిన్న పరికరం స్థానాన్ని సుమారు 3 సెం.మీ. లోపు చెప్పేవాళ్లు. 2001 నాటికే దాని మీద ఏఆర్ చేసి చూపించారు. అప్పుడు కూడా దిశ కోసం విడిగా ఇనర్షియల్ సెన్సరు కావాల్సి వచ్చింది. సీలింగు నిండా రిసీవర్లు పెట్టడానికి మా అసోసియేషన్ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

బ్లూటూత్, బారోమీటర్ల పని తొందరగానే తేలిపోయింది. మీటరు ఎత్తుకు గాలి పీడనం సుమారు 0.12 హెక్టోపాస్కల్ మారుతుంది. ఒక అంతస్తు దిగితే 0.35 దాకా పెరుగుతుంది. ఉదయం నుంచి సాయంత్రానికి వాతావరణం వల్ల అంతకన్నా ఎక్కువే మారుతుంది కాబట్టి, విలువను నేరుగా నమ్మకుండా ర్యాంపు దిగే ఆ నిమిషంలో ఎంత పెరిగిందో మాత్రం చూస్తున్నాం. దానికి బీకన్ల సాక్ష్యం తోడైతే ఏ సెల్లారో తెలుస్తుంది, ఆ సెల్లారు మ్యాపు లోడవుతుంది. వీటి ఉద్యోగం అంతే.

యాంకర్లు బిగించడం

యూడబ్ల్యూబీకి డీడబ్ల్యూఎం1001 మాడ్యూళ్లు తీసుకున్నాం. లోపల డీడబ్ల్యూ1000 చిప్పు. ఒక మాడ్యూలు ఫోన్ వెనక ట్యాగుగా (ఫోన్‌తో కదిలేది), ఆరు పిల్లర్ల మీద యాంకర్లుగా (కదలకుండా ఉండేవి).

ఈ చిప్పు పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెం.మీ. పోతుంది. డీడబ్ల్యూ1000 సమయాన్ని సుమారు 15.65 పికోసెకన్ల మెట్లలో కొలుస్తుంది. దూరంలో చెప్పాలంటే అర సెంటీమీటరు కన్నా తక్కువ. ఇంత సూక్ష్మంగా కొలిచేదానికి శత్రువు దాని సొంత గడియారమే. ట్యాగు పిలిచాక యాంకరు ఒక మిల్లీసెకను ఆగి జవాబిచ్చిందనుకోండి. రెండు బోర్డుల గడియారాలను నడిపే క్రిస్టల్స్ మధ్య 20 పీపీఎం (పది లక్షలకు 20) తేడా ఉంటే ఆ ఒక్క మిల్లీసెకనులో 20 నానోసెకన్లు తప్పుతాయి. రానూపోనూ కాబట్టి సగం చేస్తే 10 నానోసెకన్లు, అంటే 3 మీటర్లు! అందుకని ఒక పిలుపు, ఒక జవాబుతో ఆపకుండా ట్యాగు మూడో సందేశం కూడా పంపే పద్ధతి వాడాలి. అప్పుడు రెండు వైపులా కొలిచిన సమయాలతో గడియారాల తేడా దాదాపు కొట్టుకుపోతుంది.

తర్వాత యాంటెన్నా ఆలస్యం. చిప్పు నుంచి యాంటెన్నా దాకా సిగ్నల్ పోవడానికి పట్టే సమయం ఒక్కో బోర్డుకు ఒక్కోలా ఉంటుంది. టెర్రస్ మీద లేజర్ మీటరుతో 5 మీటర్లు కొలిచి, రెండు స్టూళ్ల మీద బోర్డులు పెట్టి, ఒక్కోదానికీ ఎంత తేడా వస్తోందో రాసుకుని సరిచేశాం. దీన్ని వదిలేసి ఫిల్టరు (కొలతలన్నిటినీ కలిపి అంచనా తీసే ప్రోగ్రాము) రాయడానికి కూర్చుంటే ఆ తేడాలన్నీ ఫిల్టరు నెత్తిన పడతాయి, అది దేన్నో ఒకదాన్ని వంచి సర్దుకుంటుంది.

యాంకర్ల ఎత్తు గురించి ఒక మాట. అన్నిటినీ శ్లాబు కిందే పెడితే చూడ్డానికి బాగుంటుంది, కార్లు తగలవు. కానీ అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఫోన్ ఎత్తు సరిగ్గా తేలదు. అడ్డంగా 10 సెం.మీ. తేడా ఉన్నచోట నిలువుగా దానికి రెండు మూడింతలు వస్తుంది. వాల్వులు రెండు వరసల్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కాబట్టి ఎత్తు కూడా మాకు ముఖ్యమే. అందుకని నాలుగు శ్లాబు కింద, రెండు మోకాలెత్తున పెట్టాం. ఆ రెండూ కార్లు రాని మోటర్ల గది మూలలోనే.

వాటి కోఆర్డినేట్లు కొలవడం ఒక పూర్తి ఆదివారం పని. బిల్డరు ఇచ్చిన పిల్లర్ల డ్రాయింగు ఉంది గానీ, ప్లాస్టరింగ్ మందం, పిల్లరు కాస్త జరగడం ఇవన్నీ కలిసి డ్రాయింగుకూ నేలకూ పొంతన కుదరలేదు. చివరికి మేస్త్రీల పద్ధతే పట్టాం. మూలమట్టానికి 3-4-5 లెక్కన దారాలు లాగి రెండు అక్షాలు గీశాం. ఎత్తుల కోసం నీళ్లు నింపిన పారదర్శక లెవెల్ పైపు. ఒక పిల్లరు మీద పెన్సిల్ గీత పెట్టి, పైపు రెండో కొనను ఇంకో పిల్లరు దగ్గరకు తీసుకెళ్లి నీళ్లు నిలిచినచోట గీత పెట్టడం. సెల్లారు నేల వాలు ఎంత మోసం చేస్తుందో అప్పుడు తెలుస్తుంది. డ్రైనేజీ వైపు నేల దిగుతూ పోతుంది, నేల నుంచి టేపుతో కొలిస్తే ప్రతి యాంకరూ తలో ఎత్తు చూపిస్తుంది. లెవెల్ పైపుకు నేలతో నిమిత్తం లేదు. ఒకటే జాగ్రత్త, పైపులో గాలి బుడగ ఉండకూడదు.

దిక్సూచికి సెలవు

మ్యాగ్నెటోమీటరుకు ఒక అవకాశం ఇవ్వాలి కదా అని ఇచ్చాం. భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లాలు. సెల్లారులో ప్రతి పిల్లరులోనూ ఇనుప రాడ్లు, పక్కన జీఐ పైపులు, మోటర్ల బాడీలు, పార్కింగ్‌లో కార్లు. ఫోన్‌ను ఒకే దిక్కుకు పట్టుకుని పైపుల వరస పక్కన నాలుగడుగులు వేస్తే ఉత్తరం తూర్పు వైపుకు జరిగిపోయింది. ఫోన్‌ను ఎనిమిది ఆకారంలో తిప్పి క్యాలిబ్రేట్ చేయడం ఫోన్‌లోపలి ఇనుముకు మందు గానీ బయటి ఇనుముకు కాదు.

అయస్కాంత క్షేత్రం ఏ చోట ఎలా వంగిందో మ్యాపు గీసి, ఆ వంపులతోనే స్థానం కనిపెట్టే పద్ధతులున్నాయి. కారు వచ్చినా పోయినా మారిపోయే మ్యాపుతో సెల్లారులో నేను పెట్టుకోను. తీసేశాం.

నాలుగు అంకెలు

ఇక్కడి నుంచి అసలు సంగతి. ఏఆర్‌కోర్ మొదలైన క్షణంలో ఫోన్ ఎక్కడుంటే దాన్నే తన సున్నాగా పెట్టుకుంటుంది. నిలువు అక్షం మాత్రం గురుత్వాకర్షణను బట్టి సరిగ్గా ఉంటుంది. ఆ తర్వాత ఫోన్ ఎంత కదిలినా, ఎలా తిరిగినా, తన సున్నాతో పోల్చి చక్కగా చెబుతుంది. కొన్ని మీటర్ల నడకలో సెంటీమీటర్లే జారుతుంది.

మొదట అందరికీ తట్టేది, యూడబ్ల్యూబీతో ఫోన్ స్థానం లెక్కగట్టి దాన్ని ఏఆర్‌కోర్ చెప్పినదానితో కలుపుదామని. మేం వేరే దారి పట్టాం. ఫోన్ క్షణక్షణం కదులుతుంది, కానీ ఏఆర్‌కోర్ సున్నాకూ బిల్డింగు సున్నాకూ మధ్య సంబంధం దాదాపు కదలదు. వెతకాల్సింది ఆ సంబంధాన్ని. రెండింటికీ నిలువు అక్షం ఒకటే కాబట్టి తెలియనివి నాలుగే: మూడు జరుగుళ్లు, నిలువు అక్షం చుట్టూ ఒక తిరుగుడు. ఫిల్టరులో ఉన్నవి ఈ నాలుగు అంకెలే. ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టరు, అంటే కొత్త కొలత వచ్చినప్పుడల్లా దాన్ని ఎంత నమ్మాలో చూసుకుని పాత అంచనాను దిద్దే లెక్క. మాది చిన్నది. సెకనుకు 30 సార్లు వచ్చే కెమెరా ఫ్రేముల భారమంతా ఏఆర్‌కోర్ మోస్తుంది. మా ఫిల్టరు సెకనుకు సుమారు 10 యూడబ్ల్యూబీ దూరాలు తీసుకుని ఆ నాలుగు అంకెలనూ మెల్లగా దిద్దుతూ ఉంటుంది. పాత ఫోన్ కూడా దీన్ని సునాయాసంగా లాగుతుంది.

2004లో మ్యూనిక్, వియన్నా పరిశోధకులు ఇలాంటి సంబంధాలన్నిటినీ ఒక గ్రాఫుగా గీయాలని ప్రతిపాదించారు. వస్తువులు చుక్కలు, రెండింటి మధ్య కొలత ఒక గీత, ఆ కొలత ఎంత నమ్మదగ్గదో గీత మీద రాసి ఉంటుంది. మేం కూడా గోడకున్న వైట్‌బోర్డు మీద అదే గీశాం: బిల్డింగు, యాంకర్లు, ట్యాగు, కెమెరా, ఏఆర్‌కోర్ సున్నా, గోడ గుర్తులు, వాల్వులు. గీయగానే ఒక గీత ఖాళీగా కనబడింది, ట్యాగుకూ కెమెరాకూ మధ్యది. ట్యాగు ఫోన్ కింది భాగంలో, కెమెరా పై మూలలో. ఆ దూరం స్కేలుతో కొలిచి పెట్టాం. ఫోన్ నిలువుగా పట్టినా అడ్డంగా పట్టినా ఆ తేడా ఫోన్‌తో పాటే తిరగాలి, అది కోడులో ఉండాలి.

ఇప్పుడు డిగ్రీల విషయం. యూడబ్ల్యూబీ దూరాలు దిశ గురించి ఏమీ చెప్పవు. మనిషి నిలబడిపోతే ఎన్ని వేల దూరాలు కొలిచినా ఆ తిరుగుడు కోణం తెలియదు. నడిస్తేనే తెలుస్తుంది. ఏఆర్‌కోర్ లెక్కలో ఇటు నడిచాడు, యూడబ్ల్యూబీ లెక్కలో అటు నడిచాడు, ఈ రెంటి మధ్య కోణమే మనకు కావాల్సింది. నడక రెండు చివర్లలో చెరో 10 సెం.మీ. తేడా ఉందనుకుంటే, 3 మీటర్లు నడిచాక కోణంలో సుమారు 2.7 డిగ్రీల అనిశ్చితి ఉంటుంది. 10 మీటర్లు నడిస్తే 0.8. మధ్యలో వచ్చే కొలతలు కూడా కలుస్తాయి కాబట్టి నిజానికి ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్క యాప్ ఎలా ఉండాలో కూడా తేల్చేసింది. పైపుల దగ్గరకొచ్చి యాప్ తెరిస్తే పనికి రాదు. ర్యాంపు దగ్గరే తెరిచి, ఫోన్ చేతిలో పట్టుకుని మోటర్ల గది దాకా నడిచి రావాలి. ఎలాగూ నడవాల్సిన దారే. గదికి చేరేసరికి కోణం తేలిపోయి ఉంటుంది.

ఒక చిక్కు: మొదట్లో కోణం 0 నుంచి 360లో ఏదైనా కావచ్చు. కాల్మన్ ఫిల్టరు చిన్న తప్పులను దిద్దుతుంది గానీ ఇంత పెద్ద అజ్ఞానాన్ని భరించలేదు, తప్పు కోణం దగ్గర స్థిరపడిపోతుంది. కాబట్టి మొదటి కొన్ని మీటర్ల దాకా ఫిల్టరును నడపం. దూరాలు పోగుచేసి, 5 డిగ్రీలకొకటి చొప్పున అన్ని కోణాలూ వేసి చూసి, ఏది అన్నిటికన్నా బాగా కుదిరిందో దాంతో ఫిల్టరును మొదలుపెడతాం. యాంకర్లన్నీ ఒకే వరసలో ఉంటే, తిన్నగా నడిచినప్పుడు అద్దంలో తిరగేసిన దారి కూడా అంతే బాగా కుదురుతుంది, అందుకే రెండు వైపుల పిల్లర్లూ వాడాం.

కార్లు, మనుషులు, గేటు

సాయంత్రం ఆరు తర్వాత సెల్లారు నిండుతుంది. పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు ముద్దుగా ఉన్న అంకెలు అప్పుడు రంగు మారుస్తాయి. అడ్డంగా ఎస్‌యూవీ ఉంటే నేరుగా వచ్చే తరంగం బలహీనపడి, శ్లాబుకు తగిలి వచ్చినదే ముందు వినబడుతుంది. దూరం ఎప్పుడూ పెరుగుతుందే తప్ప తగ్గదు. మనిషి ఒళ్లు కూడా మంచి అడ్డమే. ఫోన్ పట్టుకున్నవాడి వెనకున్న యాంకరు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుంది.

వడపోతకు మహలనోబిస్ దూరం వాడుతున్నాం. కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన పి.సి. మహలనోబిస్ 1936లో ఇచ్చిన కొలత, ఇవాళ ఎన్నో ట్రాకింగ్ కోడుల్లో ఉంది. ఫిల్టరు ఊహించిన దూరానికీ వచ్చిన దూరానికీ తేడా ఎంత అని చూడటం కాదు, ఆ తేడా మనకున్న అనిశ్చితితో పోలిస్తే ఎంత అని చూడటం. వర్గం చేసి 6.63 దాటితే కొలతను పక్కన పెడతాం. అనిశ్చితి 15 సెం.మీ. ఉన్నప్పుడు అది 39 సెం.మీ. దగ్గర గేటు వేసినట్టు.

అయితే ఈ గేటు రెండు వైపులా ఒకేలా ఉండకూడదు. అడ్డం వల్ల వచ్చే తప్పు పెరిగే వైపే కాబట్టి ఎక్కువ చెప్పే కొలతలకు గేటు బిగించి, తక్కువ చెప్పేవాటికి కాస్త వదులు చేశాం. దీనికి తోడు డీడబ్ల్యూ1000 ఇంకో ఆధారం ఇస్తుంది: మొత్తం సిగ్నల్ బలానికీ, మొదట వచ్చిన తరంగం బలానికీ తేడా. అది 6 డెసిబెల్స్ లోపు ఉంటే చూపు నేరుగా ఉన్నట్టు, 10 దాటితే అడ్డం ఉన్నట్టు అని తయారీదారు సూచన. మధ్యలో ఉన్నవాటికి అనిశ్చితి పెంచి తీసుకుంటున్నాం.

గేటుకు ఒక పాడు గుణముంది. ఫిల్టరే తప్పు దారిలో ఉంటే నిజం చెప్పే కొలతలన్నిటినీ బయట నిలబెట్టి తన అబద్ధాన్నే పట్టుకు కూర్చుంటుంది. అందుకని వరసగా వేర్వేరు యాంకర్ల కొలతలు గేటు దగ్గర ఆగిపోతుంటే తప్పు వాటిది కాదు, మనదే అని ఫిల్టరు అనిశ్చితిని పెంచేస్తాం. మొండితనం తగ్గింది.

సమయం

ట్యాగు ఫోన్‌కు యూఎస్‌బీతో కలిసి ఉంది. కొలత జరిగిన క్షణం ఒకటి, అది ఫోన్‌కు అందే క్షణం ఇంకొకటి. సెకనుకు మీటరు చొప్పున నడిచే మనిషి 100 మిల్లీసెకన్లలో 10 సెం.మీ. పోతాడు. మనకున్న మొత్తం వెసులుబాటు దాదాపు అంతే కదా.

ఆలస్యాన్ని కొలవడానికి ఒక యాంకరు వైపు ముందుకూ వెనక్కూ నడుస్తూ రికార్డు చేశాం. యూడబ్ల్యూబీ దూరం గీత, ఏఆర్‌కోర్ నడక గీత ఒకే గ్రాఫులో వేస్తే రెండూ ఒకే ఆకారం, ఒకటి కాస్త వెనక. కుదిరేదాకా జరిపితే 80 మిల్లీసెకన్ల చుట్టుపక్కల తేలింది. ఇప్పుడు ఫోన్ గత ఒక సెకను దారిని గుర్తుపెట్టుకుంటుంది. దూరం రాగానే అప్పటి స్థానంతో పోలుస్తుంది, ఇప్పటిదాంతో కాదు.

లైట్లు

సెల్లారు లైట్లు మనిషి కదలికను బట్టి వెలుగుతాయి. వాల్వు ముందు కదలకుండా నిలబడి ఫోన్‌లోకి చూస్తుంటే టప్పున ఆరిపోతాయి. చీకట్లో ఏఆర్‌కోర్‌కు బిందువులు కనబడవు, ట్రాకింగ్ ఆగిపోతుంది. మళ్లీ వెలిగాక ఎక్కడ మొదలవుతుందన్నది దాని అదృష్టం. పిల్లర్లన్నిటికీ ఒకే పసుపు నలుపు పట్టీలు కాబట్టి ఒక పిల్లరును ఇంకోటిగా పొరబడటం కూడా జరుగుతుంది.

స్మార్ట్ బిల్డింగు అని పేరు పెట్టుకున్నాక లైట్లు మాత్రం మన మాట ఎందుకు వినవు? లైటు కంట్రోలరు కూడా ఎంక్యూటీటీ మీదే ఉంది. ఏఆర్ యాప్ నడుస్తున్నంతసేపు ఫోన్ ఆ జోను లైట్లకు 'ఆరొద్దు' అని సందేశం పంపుతుంది. ఈ ఒక్క మార్పుతో వచ్చిన లాభం, ఫిల్టరు మీద వారాల తరబడి చేసిన సానకన్నా ఎక్కువ. అయినా ట్రాకింగ్ ఆగిందని ఏఆర్‌కోర్ చెప్పిన ప్రతిసారీ ఆ నాలుగు అంకెల మీద నమ్మకాన్ని బాగా తగ్గించి మళ్లీ మొదలుపెడుతున్నాం, ముఖ్యంగా కోణం మీద.

గోడ గుర్తులు

పైపుల వరసకు రెండు చివర్లా ఏ4 సైజు ఏప్రిల్‌ట్యాగులు అతికించాం. ఒక్కటి కెమెరాకు చిక్కితే స్థానం, దిశ రెండూ ఒకేసారి వస్తాయి. 'మరి మొదటి నుంచీ ఇవే పెట్టుకుంటే యూడబ్ల్యూబీ ఎందుకన్నా?' అని హార్డ్‌వేరు చూసే తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గుర్తు కనబడినంతసేపే దాని మాట చెల్లుతుంది. ప్లంబరు పైపుల కిందికి వంగితే, ఎవరో దాని ముందు బకెట్ పెడితే, తేమకు అంచు లేచిపోతే అంతే సంగతులు. దారి పొడవునా గుర్తులు అతికించే పని కూడా తప్పదు.

లామినేషన్ చేయించినవి ట్యూబులైటు కింద మెరిసి కనబడలేదు, మ్యాట్ కాగితం మీద ప్రింటు తీసి మార్చాం. ఇంకో విశేషం: గుర్తుకు సరిగ్గా ఎదురుగా నిలబడితే దిశ బాగా రాదు. చదరం కాస్త ఇటు వంగినా అటు వంగినా కెమెరాకు దాదాపు ఒకేలా కనబడుతుంది కాబట్టి లెక్క రెండు జవాబుల మధ్య ఊగుతుంది. ఏటవాలుగా చూస్తేనే మంచిది. అందుకని ఎదురుగా చూసిన గుర్తు నుంచి స్థానం గట్టిగా, కోణం మెత్తగా తీసుకుంటుంది ఫిల్టరు.

లేబుల్ కదలిక గురించి కూడా ఒక నిర్ణయం తీసుకున్నాం. ఫిల్టరు ఒకేసారి 8 సెం.మీ. దిద్దుకుంటే లేబుల్ కళ్ల ముందే గెంతుతుంది. అంకెల ప్రకారం అది మంచిదే, చూసేవాడికి మాత్రం నమ్మకం పోతుంది. కాబట్టి దిద్దుబాటును ఫోన్ కదులుతున్నప్పుడు కొంచెం కొంచెంగా కలుపుతున్నాం. మనిషి నిలకడగా చూస్తున్నప్పుడు లేబుల్ జోలికి పోం.

ప్లంబరన్న చేతిలో

శనివారం పొద్దున ప్లంబరన్న చేతిలో ఫోన్ పెట్టాం. ర్యాంపు నుంచి నడిచొచ్చాడు, లేబుళ్లు వాల్వుల మీదే కూర్చున్నాయి. గోడకు గీసుకున్న గుర్తులతో పోల్చి చూస్తే 3 మీటర్ల దూరంలో ఎక్కువసార్లు 6, 7 సెం.మీ. లోపే. కార్లు నిండిన సాయంత్రాల్లో 10 దాకా వెళ్తోంది. ఇంకా దగ్గరకు వెళ్తే కోణం వల్ల వచ్చే తేడా తగ్గిపోతుంది, స్థానం తేడా అలాగే ఉంటుంది.

మేం ఆలోచించనివి ఆయన చేతిలో బయటపడ్డాయి. తడి చేత్తో టచ్ పనిచేయదు. లేబుల్ మీద నొక్కితే వివరాలు వచ్చేలా పెట్టాం, ఆయన నాలుగుసార్లు నొక్కి, ఫోన్‌ను లుంగీకి తుడిచి మళ్లీ నొక్కాడు. ఇక నొక్కడం తీసేసి, స్క్రీను మధ్యలో వాల్వు కాసేపు నిలిస్తే వివరాలు తెరుచుకునేలా మార్చాలి. ఇంకోటి, ఆయన ఫోన్‌ను కింది వైపు అరచేత్తో పూర్తిగా కప్పి పట్టుకుంటాడు, ట్యాగు యాంటెన్నా ఉన్నది అక్కడే. ట్యాగును పై అంచుకు మార్చి, కెమెరాకు దూరం మళ్లీ కొలవాలి.

పై వరసలో మూడో వాల్వు దగ్గర ఆగి, 'సార్, ఇది బోర్‌ది అని చూపిస్తుంది. ఇది బోర్‌ది కాదు. లీకేజీ అయినప్పుడే మంజీర లైన్‌కు కలిపినం, ఎప్పుడో' అన్నాడు. లేబుల్ సరిగ్గా ఆ వాల్వు మీదే ఉంది. పక్కదాని సంగతీ అడిగాం. అది ఏ బ్లాకుకూ పోదట, చివర మూత బిగించి వదిలేశారట. మేం పేర్లన్నీ తీసుకున్నది బిల్డరు డ్రాయింగు నుంచి.

వచ్చే వారం పని: ఆయనతో ఒక పూట కూర్చుని వాల్వుల పట్టిక మొత్తం మళ్లీ రాయడం. యాప్‌లోనే వాల్వు ముందు నిలబడి పేరు మార్చే వీలు పెట్టడం, ఎవరు ఎప్పుడు మార్చారో తేదీతో సహా నిలిచేలా. ఆ తర్వాత కింది సెల్లారు. అక్కడ యాంకర్లకు కరెంటు పాయింట్లు లేవు, బ్యాటరీతో ఎన్నాళ్లు నడుస్తాయో ముందు చూడాలి.